మిటుటోయో 500-196-30 డిజిటల్ కాలిపర్: డ్రాయింగ్‌లో ఏ కొలతకు సరిపోతుంది, ఏ కొలతకు చాలదు

డిజిటల్ కాలిపర్ల రివ్యూల్లో ఎక్కువగా కనిపించేది డిస్‌ప్లే పెద్దదా, స్లైడర్ సాఫీగా జరుగుతుందా అన్న మాటే. ఈ కాలిపర్‌లో ఆ రెండూ బాగున్నాయి, వాటి గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు. సీఎన్‌సీ మెషీన్ దగ్గర నిలబడే మనిషికి కావాల్సిన సమాచారం వేరు. డ్రాయింగ్ మీద పాతిక కొలతలుంటాయి. వాటిలో ఏవి ఈ పరికరంతో తేలతాయి, ఏవి తేలవు, ఏవి తేలినట్టు కనిపించి ముంచుతాయి? డ్రాయింగ్ చదవడంలో సగం పని ఇదే. ప్రతి కొలతనూ చూడగానే దాన్ని దేనితో కొలవాలో కూడా తట్టాలి. అందుకే ఈ కాలిపర్‌ను ఒక డ్రాయింగ్ ముందు పెట్టి చూద్దాం.

ముందు పరికరం సంగతి. పరిధి 0–150 మి.మీ. డిస్‌ప్లే 0.01 మి.మీ. వరకు చూపిస్తుంది. తయారీదారు చెప్పే ఖచ్చితత్వం ±0.02 మి.మీ. అంగుళాలకు మార్చుకోవచ్చు. ఎస్ఆర్44 బటన్ సెల్‌తో నడుస్తుంది. ఆబ్సొల్యూట్ స్కేల్ కాబట్టి ఆఫ్ చేసి ఆన్ చేసినా సున్నా పోదు, స్లైడర్‌ను ఎంత వేగంగా లాగినా లెక్క తప్పదు. రీడింగ్‌ను కంప్యూటర్‌కు పంపే కేబుల్ సాకెట్ ఈ మోడల్‌కు లేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు నేరుగా షీట్‌లోకి ఎక్కించాలనుకునేవాళ్లు డేటా అవుట్‌పుట్ ఉన్న మోడల్ చూసుకోవాలి.

ఇక్కడ 0.01, 0.02 అనే రెండు అంకెల తేడా గుర్తుండాలి. డిస్‌ప్లే 50.03 అని చూపిస్తే ముక్క అసలు సైజు 50.01 నుంచి 50.05 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. రెండో దశాంశ స్థానం కనిపిస్తుంది కాబట్టి అది నిజమని అనుకోవడమే కాలిపర్ వాడకంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. అది పరికరం లోపం కాదు, పరికరానికి మించిన పని అప్పగించడం.

డ్రాయింగ్ ఇలా ఉందనుకోండి. 80 × 50 × 20 అల్యూమినియం బ్లాక్. మందం 20 ±0.05. మధ్యలో డయా (వ్యాసం) 25 హెచ్7 త్రూ బోర్, అంటే అవతలి వరకు వెళ్లే రంధ్రం. నాలుగు మూలల్లో డయా 6.6 +0.1/0 రంధ్రాలు, వాటికి డయా 11, లోతు 6.8 కౌంటర్‌బోర్ (బోల్టు తల కూర్చునే వెడల్పు గుంట). ఒక పక్క ఎం8×1.25-6హెచ్ థ్రెడ్. పై ముఖం మీద 12 +0.05/0 స్లాట్. రంధ్రాల మధ్య దూరాలు 60, 30 పెట్టెల్లో ఉన్నాయి, పక్కన పొజిషన్ డయా 0.1, డేటమ్‌లు (కొలత మొదలయ్యే ఆధార ముఖాలు) ఎ, బి, సి. టైటిల్ బ్లాక్‌లో ఐఎస్ఓ 2768-ఎంకే. నోట్స్‌లో హార్డ్ ఆనోడైజ్ (అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పూత) 50 మైక్రాన్లు, కొలతలన్నీ కోటింగ్ తర్వాతవి.

80, 50 పక్కన టాలరెన్స్ (సైజు ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే హద్దు) రాయలేదు, అంటే టైటిల్ బ్లాక్ చూడాలి. విడిగా టాలరెన్స్ రాయని కొలతలకు వర్తించే జనరల్ టాలరెన్స్ ప్రమాణం ఐఎస్ఓ 2768లో ఎం తరగతికి 6 దాటి 30 వరకు ±0.2, 30 దాటి 120 వరకు ±0.3, 120 దాటి 400 వరకు ±0.5. ఈ రెండు కొలతలకూ ±0.3 వర్తిస్తుంది. కాలిపర్ ±0.02 కాబట్టి నిష్పత్తి 15:1. కొలత పరికరం తప్పు టాలరెన్స్‌లో పదో వంతు మించకూడదన్నది పాత నియమం, నాలుగో వంతు వరకు ఒప్పుకుంటారు. ఆ లెక్కన ఈ కాలిపర్ ±0.2, అంతకన్నా వదులైన టాలరెన్స్‌లకు నిశ్చింతగా సరిపోతుంది. ±0.08 వరకు జాగ్రత్తగా వాడొచ్చు, ఇంకా బిగువైతే మానుకోవాలి. ఈ రెండు అంకెలు గుర్తుంటే డ్రాయింగ్ చూస్తూనే కొలతలు విడిపోతాయి. మెషీన్ షాపు డ్రాయింగ్‌ల్లో జనరల్ టాలరెన్స్ కిందికి వచ్చే కొలతలే ఎక్కువ కాబట్టి, ఈ పరికరం తన పని తాను బాగానే చేస్తుంది.

మందం 20 ±0.05 దగ్గర నిష్పత్తి 2.5:1. ఇక్కడ మైక్రోమీటర్ తీయాలి. కాలిపర్ తప్ప ఇంకేమీ అందుబాటులో లేకపోతే టాలరెన్స్‌ను రెండు వైపులా 0.02 తగ్గించుకుని, 19.97 నుంచి 20.03 లోపల కనిపిస్తేనే పాస్ చేయాలి. తయారుచేసేవాడు ముక్క సరైనదని నిరూపించాలంటే కొలత అనిశ్చితిని తన టాలరెన్స్‌లోంచే తీసేసుకోవాలని ఐఎస్ఓ 14253-1 చెప్పేదీ ఇదే. 20.05 కనిపించిన ముక్కను 'లిమిట్‌లోనే ఉందిగా' అని పంపిస్తే అవతలి ఇన్‌స్పెక్టర్ మైక్రోమీటర్‌లో 20.065 చూస్తాడు, అప్పుడు రెండు పరికరాలూ సరిగ్గానే పనిచేసినట్టు.

కాలిపర్ ఎందుకు మైక్రోమీటర్ అంత నమ్మకంగా ఉండదో తెలిస్తే వాడకం కూడా మారుతుంది. మైక్రోమీటర్‌లో స్కేల్, ముక్క ఒకే గీత మీద ఉంటాయి. కాలిపర్‌లో స్కేల్ బీమ్ (పొడవాటి పట్టీ) మీద ఉంటుంది, ముక్క దాని కింద జాల (ముక్కను పట్టే దవడల) మధ్య ఉంటుంది. ముక్క జాల కొసల దగ్గర ఉండగా గట్టిగా నొక్కితే స్లైడర్ కొద్దిగా వాలుతుంది, రీడింగ్ తగ్గుతుంది. స్కేల్, కొలత ఒకే గీతలో ఉండాలని ఎర్న్‌స్ట్ అబ్బే 1890లోనే చెప్పాడు, కాలిపర్ నిర్మాణం ఆ సూత్రాన్ని పాటించదు. కాబట్టి ముక్కను వీలైనంత బీమ్‌కు దగ్గరగా పట్టాలి. బొటనవేలు చక్రంతో తేలిగ్గా ఆనించాలి, నొక్కకూడదు. రాచెట్ లేదు కాబట్టి ఒత్తిడి మనిషిని బట్టి మారుతుంది. ఒకే ముక్కను ఇద్దరు కొలిస్తే 0.02 తేడా రావడం మామూలే.

డయా 25 హెచ్7 బోర్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి: ఈ కాలిపర్‌తో దాన్ని పాస్ చేయకూడదు. హెచ్7 అంటే 25.000 నుంచి 25.021 వరకు, మొత్తం వెడల్పు 21 మైక్రాన్లు. కాలిపర్ అనిశ్చితి 40 మైక్రాన్ల వెడల్పు. టాలరెన్స్ మొత్తం పరికరం తప్పులోనే మునిగిపోతుంది. దీనికి ప్లగ్ గేజ్ కావాలి, గో (దూరాల్సింది) 25.000, నోగో (దూరకూడనిది) 25.021. బోర్ గేజ్ అయితే ఇంకా మంచిది, ఎంత మిగిలిందో అంకెతో చెబుతుంది. కాలిపర్‌కు ఇక్కడ ఒక పని మాత్రం ఉంది. రఫ్ బోర్ తర్వాత ఫినిష్ పాస్‌కు ఎంత మెటల్ మిగిలిందో చూడటానికి అది చాలు.

లోపలి జాలతో చిన్న రంధ్రాలు కొలిచేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, డ్రాయింగ్ మీద 6.6 లాంటి కొలతల దగ్గర అది తెలియాలి. లోపలి జాల అంచులు కత్తిలా సన్నగా ఉంటాయి గానీ వాటికీ మందం ఉంటుంది. ఆ మందం వల్ల అంచు రంధ్రం వంపు అడుగుదాకా చేరదు, కొలత అసలు డయా కన్నా తక్కువ వస్తుంది. రెండు అంచులూ కలిసి 0.5 మి.మీ. మందం ఆక్రమించాయనుకుంటే 25 మి.మీ. బోర్‌లో తేడా 0.005 మాత్రమే. 5 మి.మీ. రంధ్రంలో అదే 0.025 అవుతుంది, 3 మి.మీ. రంధ్రంలో 0.042. 6.6 +0.1/0 అన్న రంధ్రం 6.58 చూపిస్తే వెంటనే రిజెక్ట్ అనకూడదు, పిన్ గేజ్ పెట్టి చూడాలి. రంధ్రం సరిగ్గా ఉండి, డ్రిల్ మార్చి మళ్లీ వేసి పెద్దది చేసుకోవడం ఈ తేడా తెలియకే జరుగుతుంది.

స్లాట్‌లో ఆ వంపు సమస్య లేదు, రెండు గోడలూ చదునే. ఇక్కడ చూడాల్సింది 12 +0.05/0 అన్న రాత. కోటింగ్ నోట్‌ను ప్రస్తుతానికి పక్కన పెడితే, టాలరెన్స్ ఒక వైపే ఉంది కాబట్టి ప్రోగ్రామ్‌లో లక్ష్యం 12.00 కాదు, 12.025. కాలిపర్ 11.96 చూపిందనుకోండి. 0.065 పెరగాలి. కటర్ రేడియస్ కాంపెన్సేషన్‌లో (కటర్ సైజును బట్టి దారిని సర్దే ఏర్పాటు) వేర్ విలువ రేడియస్‌గా ఇచ్చే కంట్రోల్‌లో దాని సగం, అంటే 0.0325 తగ్గించాలి. అసలు స్లాట్ 11.98 అయితే తర్వాతి పాస్‌కు 12.045 వస్తుంది, 11.94 అయితే 12.005. రెండూ లిమిట్‌లోనే ఉన్నాయి, కానీ రెండూ గోడకు ఆనుకుని ఉన్నాయి. స్లాట్ అంచున చిన్న బర్ (కోత వదిలిన గరుకు మెటల్) ఉన్నా, టూల్ కాస్త వంగినా బయటపడుతుంది. ఈ పనికి ఈ కాలిపర్ సెమీ ఫినిష్ వరకే. చివరి ఆఫ్‌సెట్ ఇచ్చేముందు స్లిప్ గేజ్‌తో (కచ్చితమైన మందం ఉన్న దిమ్మె) చూడాలి. 12.00 దూరాలి, 12.05 దూరకూడదు.

లోతు కొలతల్లో డ్రాయింగ్ చదవడం, కొలవడం ఒకదానితో ఒకటి బాగా ముడిపడి ఉంటాయి. కౌంటర్‌బోర్ 6.8కి జనరల్ టాలరెన్స్ ±0.2, డెప్త్ బార్ (స్లైడర్‌తో పాటు బీమ్ చివర నుంచి బయటికొచ్చే సన్న పట్టీ) సరిపోతుంది. బార్ చివర ఒక మూల కోసినట్టు ఉంటుంది, ఆ వైపును గోడ దగ్గర పెట్టాలి. లేకపోతే కటర్ నోస్ వదిలిన ఫిల్లెట్ (గుండ్రటి మూల) మీద బార్ కూర్చుని లోతు తక్కువ చూపిస్తుంది. బీమ్ చివర ముఖం సన్నగా ఉంటుంది కాబట్టి వాలితే కూడా తప్పే. కాస్త ఊపుతూ, ముఖం పూర్తిగా ఆనినప్పుడు వచ్చే విలువ తీసుకోవాలి. బయటి మెట్లకైతే బార్ అక్కర్లేదు. హెడ్ వైపు బీమ్ అంచు, స్లైడర్ అంచు కలిపి స్టెప్ కొలిచే ఏర్పాటు ఉంది, అది డెప్త్ బార్ కన్నా నిలకడగా ఉంటుంది. చాలామంది దాని జోలికే వెళ్లరు.

ఎం8 థ్రెడ్ కోసం వేసిన 6.8 డ్రిల్ రంధ్రం బ్లైండ్ అయితే డ్రాయింగ్‌లో ఇచ్చిన లోతు పూర్తి డయా ఉన్న చోటు వరకే, డ్రిల్ మొన వరకు కాదు. 118° డ్రిల్ మొన పొడవు డయాలో దాదాపు 0.3 వంతు, 6.8కి 2.04 మి.మీ. డ్రాయింగ్ 20 అంటే మొన 22.04 దగ్గర ఉంటుంది. డెప్త్ బార్ ఆ కోన్‌లోకి దిగి మధ్యలో ఎక్కడో ఆగుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పలేం. కాబట్టి ఈ లోతును ప్రోగ్రామ్ జెడ్ విలువతో, డ్రిల్ లెంగ్త్ ఆఫ్‌సెట్‌తో సరిచూడటమే నయం. కింద గోడ పలచగా మిగిలే చోట ఆ రెండు మిల్లీమీటర్లు మర్చిపోతే రంధ్రం అవతలికి తేలుతుంది. థ్రెడ్ సంగతికొస్తే, మైనర్ డయా 6హెచ్‌కు 6.647 నుంచి 6.912. కాలిపర్‌తో ఆ రంధ్రం చూసుకోవచ్చు గానీ థ్రెడ్ సరిగ్గా ఉందని చెప్పేది గో–నోగో థ్రెడ్ గేజ్ ఒక్కటే. పిచ్ డయా (థ్రెడ్ పళ్ల మధ్యభాగం దగ్గరి వ్యాసం) కాలిపర్‌కు అందదు.

పెట్టెలో ఉన్న 60, 30 దగ్గర ఎక్కువమంది జారిపోతారు. పెట్టె ఉందంటే దానికి జనరల్ టాలరెన్స్ వర్తించదు. ±0.3 అని చదివితే తప్పు. అనుమతి మొత్తం పొజిషన్ గడిలో ఉంది: రంధ్రం కేంద్రం డయా 0.1 వృత్తంలో ఉండాలి. ఎక్స్‌లో 0.04, వైలో 0.04 తప్పితే ఏ ఒక్క దిశలోనూ 0.05 దాటలేదు కదా అనిపిస్తుంది. కానీ లెక్క వృత్తానిది. రెండు తప్పుల వర్గాలు కలిపి వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే 0.113. ఫెయిల్. అదే గడిలో వృత్తంలో ఎం గుర్తు (గరిష్ఠ మెటీరియల్ స్థితి) ఉంటే కథ మారుతుంది. రంధ్రం 6.67 వచ్చిందనుకుంటే కనిష్ఠ సైజు 6.6 దాటిన 0.07 బోనస్‌గా కలిసి అనుమతి 0.17 అవుతుంది, ఆ రంధ్రమే పాస్. చిన్న గుర్తు చూడకపోవడం వల్ల మంచి ముక్కలు స్క్రాప్‌లోకి వెళ్లేది ఇలాంటి చోటే.

కాలిపర్ ఇక్కడ చేయగలిగింది రెండు సమాన రంధ్రాల మధ్య దూరం చూడటం. అది చాలా తేలిక. లోపలి జాలను ఒక రంధ్రంలో పెట్టి తెరిచి, ఆ డయా దగ్గర జీరో నొక్కాలి. తర్వాత రెండు రంధ్రాల దూరపు గోడల మధ్య కొలిస్తే డిస్‌ప్లే నేరుగా కేంద్రాల దూరం చూపిస్తుంది, కూడికలు తీసివేతలు అక్కర్లేదు. జా అంచు మందం వల్ల వచ్చే తేడా కూడా రెండు సార్లూ ఒకటే కాబట్టి చాలా వరకు రద్దవుతుంది. ఈ పని అయ్యాక జీరో బటన్‌ను కాసేపు నొక్కి పట్టి ఆబ్సొల్యూట్‌కు తిరిగి రావాలి. డిస్‌ప్లేలో ఇంక్రిమెంటల్ గుర్తు ఉండగా తర్వాతి ముక్క కొలిస్తే ప్రతి రీడింగూ 6.6 తక్కువ వస్తుంది. అంత తేడా ఉంటే పట్టుకోవచ్చు, జీరోను 0.3 దగ్గర పొరపాటున నొక్కితే పట్టుకోవడం కష్టం.

ఇది పొజిషన్ రుజువు మాత్రం కాదు. పొజిషన్ డేటమ్ బి, సి అంచుల నుంచి లెక్క. అంచు నుంచి రంధ్రానికి కాలిపర్ పెడితే జా చదును ముఖం రంధ్రం వంపు మీద మధ్యలో ఆనక, గోడ మందం ఎక్కువ చూపిస్తుంది. సర్ఫేస్ ప్లేట్, హైట్ గేజ్, రంధ్రంలో పిన్ పెట్టి చూడాలి, లేదా సీఎంఎం (కోఆర్డినేట్ కొలత యంత్రం) వాడాలి.

ఫ్లాట్‌నెస్ విషయంలో కూడా కాలిపర్ నమ్మించి మోసం చేస్తుంది. 2768-ఎంకేలో రెండో అక్షరం కే ఆకార టాలరెన్స్‌లది. 30 దాటి 100 మి.మీ. వరకు ఫ్లాట్‌నెస్ 0.2. వైస్‌లో బిగించి ఫేసింగ్ చేసిన పలచటి ప్లేట్ వదలగానే వంగుతుంది, అయినా మందం ప్రతిచోటా ఒకటే ఉంటుంది. కాలిపర్ అంతటా 'ఓకే' అంటుంది, సర్ఫేస్ ప్లేట్ మీద ముక్క ఊగుతుంది.

అన్ని కొలతలూ సరిగ్గా ఉండి ముక్క మొత్తం తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఫస్ట్ యాంగిల్‌లో కుడి వైపు నుంచి చూసిన వ్యూ ఫ్రంట్ వ్యూకి ఎడమ పక్కన ఉంటుంది, థర్డ్ యాంగిల్‌లో కుడి పక్కనే ఉంటుంది. టైటిల్ బ్లాక్‌లోని కోన్ గుర్తు చూడకుండా ప్రోగ్రామ్ రాస్తే స్లాట్, పక్క థ్రెడ్ అద్దంలో ప్రతిబింబంలా అవతలి వైపుకు వస్తాయి. అలాంటి ముక్క మీద కాలిపర్ ఏ తప్పూ చూపించదు. దీన్ని పట్టేది కళ్లే. మొదటి ముక్కను డ్రాయింగ్ పక్కన, ఫ్రంట్ వ్యూ దిశలో పెట్టి చూడాలి.

ఆనోడైజ్ నోట్ చదవకపోతే మెషీన్ దగ్గర పాసైన ముక్క కోటింగ్ తర్వాత ఫెయిలవుతుంది. హార్డ్ ఆనోడైజ్ మందంలో దాదాపు సగం లోపలికి, సగం బయటికి పెరుగుతుంది. 50 మైక్రాన్లయితే ప్రతి ముఖం మీద 25. రంధ్రం, స్లాట్ రెండు వైపులా కలిపి 0.05 తగ్గుతాయి, మందం 0.05 పెరుగుతుంది. కాబట్టి 12 +0.05/0 స్లాట్‌ను మెషీన్ మీద 12.05 నుంచి 12.10 మధ్య వదలాలి, లక్ష్యం 12.075. హెచ్7 బోర్‌కు మాస్కింగ్ ఉందా అని కస్టమర్‌ను ముందే అడగాలి.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. డ్రాయింగ్ కొలతలు 20° సెల్సియస్ దగ్గరివి, ఐఎస్ఓ 1 చెప్పేది అదే. 80 మి.మీ. అల్యూమినియం ముక్క 40° ఉంటే 0.037 మి.మీ. పెరుగుతుంది, అంటే కాలిపర్ ఖచ్చితత్వానికి దాదాపు రెండింతలు. ±0.3 ఉన్న కొలతకు పట్టించుకోనక్కర్లేదు. బిగువు కొలతలున్న ముక్కను చల్లారనివ్వాలి.

బలహీనత విషయానికొస్తే, ఈ మోడల్ కూలెంట్ తట్టుకునే రకం కాదు. స్కేల్ మీద కాస్త తడి, నూనె చేరినా తుడిచి వాడొచ్చు గానీ, కూలెంట్ లోపలికి చేరకుండా ఆపే రక్షణ దీనికి లేదు.  వీఎంసీ (నిలువు మిల్లింగ్ సెంటర్) తలుపు తీసి లోపలే ముక్క కొలిచే అలవాటున్నవాళ్లు దీన్ని తీసుకోవద్దు, ఇదే కంపెనీ ఐపీ67 (నీరు, దుమ్ము తట్టుకునే) రకం తీసుకోవాలి. ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద, టూల్ ట్రాలీ మీద ఉండే కాలిపర్ అయితే ఇదే చాలు, అదనపు రక్షణకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఈ బ్రాండ్‌కు నకిలీలు ఎక్కువ కాబట్టి అధికారిక డీలర్ దగ్గరే కొనాలి. పెట్టె తెరవగానే జాలు తుడిచి మూసి వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి, మధ్యలో కాంతి గీత కనిపించకూడదు. తర్వాత 10, 50, 100 స్లిప్ గేజ్‌లు జాల మొదట్లో ఒకసారి, కొసల దగ్గర ఒకసారి పెట్టి చూడాలి. రెండు చోట్లా తేడా 0.02 దాటితే తిరిగి ఇచ్చేయాలి. లోపలి జాలను రింగ్ గేజ్‌లో వేరుగా చూడాలి, బయటి జాలు సరిగ్గా ఉన్నంత మాత్రాన అవీ సరిగ్గా ఉంటాయని లేదు. సెల్ మార్చినప్పుడు ఆరిజిన్ (జాలు మూసిన సున్నా స్థానం) మళ్లీ పెట్టాలి. అప్పుడు జాల మధ్య చిన్న చిప్ ముక్క ఉండిపోతే, అక్కణ్నుంచి కొలిచే ప్రతి ముక్కలోనూ ఆ చిప్ మందం తగ్గుతూనే ఉంటుంది.